తడిలో కోసిన కొమ్మ

టీగన్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఇది: ఏదో ఒక రోజు పిల్లల సంక్షేమ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి తలుపు కొట్టి, ఇల్లంతా ఒకసారి కలియజూసి, బిడ్డని పెంచడం నీవల్ల కాదని తేల్చేసి టిల్లీని ఎత్తుకుపోతారని. మిగతా భయాలన్నీ దానికి పుట్టినవే. టిల్లీ ముక్కు కారితే భయం. కారకపోతే, ఎందుకు కారట్లేదని భయం. నోట్లో ఏం పెట్టుకుంటోందో, మెట్ల దగ్గరికి పాకిందేమో, నిద్రలో ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో. తలుపు చప్పుడైతే ఆమె చెయ్యి ముందు సింకులో గిన్నెల మీదకి పోతుంది, తర్వాతే గొళ్ళెం మీదకి.

ఆ గురువారం పొద్దున తలుపు చప్పుడు కాలేదు. డెనీస్ తలుపు కొట్టి వచ్చే మనిషి కాదు. ఇల్లు ఆవిడది. కొడుకునీ కోడల్నీ ఉండమని ఇచ్చింది గానీ తాళంచెవి ఒకటి తన దగ్గరే ఉంచుకుంది. టీగన్ టిల్లీకి పాలల్లో నానిన గోధుమ బిస్కెట్టు తినిపిస్తూ కిటికీలోంచి చూసేసరికి పెరట్లో రబ్బరు బూట్లు, ఎర్ర గొడుగు, గొడుగు కింద అత్తగారు. ఒక చేత్తో కొలత టేపు లాగుతోంది.

టీగన్ పిల్లని చంకనేసుకుని బయటికొచ్చింది.

"వచ్చావా అమ్మడూ, ఈ కొస పట్టుకో," అంది డెనీస్. "కంచెకి ఆనించి. వంకరగా కాదు, తిన్నగా."

టీగన్ పట్టుకుంది. టేపు కంచె నుంచి చెర్రీ చెట్టు మొదలు దాకా సాగింది. చెట్టు నిండా పూత. భూమికి దక్షిణాన ఉన్న ఆ దీవిలో జూలై చలికాలం, అక్టోబరు వసంతం, క్రిస్మస్ ఎండాకాలం. ఆకు ఇంకా సరిగ్గా తొడగలేదు. కొమ్మకొమ్మకీ తెల్లటి గుత్తులు సన్నజల్లుకి తడిసి, బరువెక్కి కిందికి వాలి ఉన్నాయి.

"అనుకున్నంతే," అంది డెనీస్ టేపు కేసి చూసి. "ఇది పోతే మా కారవాన్ ఇల్లుబండి హాయిగా పడుతుంది. ఇదుంటే సగం బండి రోడ్డు మీదే."

"పూత చూడండి ఎలా ఉందో."

"పూతకేం, ఏటా చూస్తున్నాగా. పెళ్ళికూతురిలా ముస్తాబవుతుంది, ఆ తర్వాత క్రిస్మస్‌కి ఒక్క పండు ఉండదు. ముస్తాబు నాకెందుకు, నోట్లోకి ఏదన్నా రావాలి గానీ."

"దాని తప్పేం లేదు డెనీస్. కంచె అవతల వాళ్ళు వాళ్ళ చెట్టు కొట్టేసిన దగ్గర్నుంచే కదా ఇది కాయట్లేదు. ఇది లాంబర్ట్ రకం. ఒంటరిగా కాయదు. దగ్గర్లో వేరే రకం పూస్తేనే పిందె పడుతుంది."

"అయితే దానికో మొగుణ్ణి తెచ్చిపెట్టు."

"తెస్తాను," అంది టీగన్.

డెనీస్ టేపు చుట్టడం ఆపి కోడలి మొహం చూసింది. తమాషాకి అనలేదని అర్థమైంది.

"వేరే రకం పూలకొమ్మలు కోసుకొచ్చి, నీళ్ళ బకెట్లలో పెట్టి ఈ కొమ్మల మధ్య కడతాను. తేనెటీగలు దాని మీదా దీని మీదా వాలతాయి. పండ్ల తోట షెడ్డులో పనిచేసేటప్పుడు విన్నాను. పాతవాళ్ళు అలాగే చేసేవాళ్ళట."

డెనీస్ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, అయినా తగిలింది. "అమ్మడూ, నిన్ను నొప్పించాలని కాదు. బడి సగంలో మానేశావు. కారు నేర్చుకుంటానని సగంలో మానేశావు. ఆ ఊదారంగు స్వెటరు, ఒక చెయ్యి అల్లి వదిలేశావు, అదింకా నా దగ్గరే ఉంది. చెట్టుకి బకెట్లు కడతావా?"

"కడతాను."

"సరే. పిందెలు కనిపిస్తే చెట్టు ఉంటుంది. కనిపించకపోతే రంపం వస్తుంది. నా మాటంటే మాటే." గొడుగు సర్దుకుంటూ టిల్లీ బుగ్గ గిల్లింది. "దీనికి జలుబు చేసినట్టుందే. తలకి టోపీ ఏదీ?"

టీగన్ చెయ్యి దానంతటదే పిల్ల తలమీదకి పోయింది.

డెనీస్ వెళ్ళాక కూడా ఆమె చెట్టు కిందే నిలబడింది. గుత్తుల్లో సగం ఇంకా మొగ్గలే. పూత నిలిచేది ఒక వారం, గాలి తగిలితే అంతకూడా లేదు. ఊళ్ళో చెర్రీ చెట్లు చాలానే ఉన్నాయి. గ్రంథాలయం ముందున్నవి అందం కోసం పెట్టినవి, ఎప్పుడో పూసి రాలిపోయాయి. చర్చి వెనక ఉన్నదీ లాంబర్టే, తన రకం పుప్పొడి తనకి పనికిరాదు. దీనికి పనికొచ్చే చెట్టు, ఇప్పుడు పూతలో ఉన్న చెట్టు ఆమెకి తెలిసింది ఒక్కటే. అది సందు చివర ముసలాయన ఆథల్ పెరట్లో ఉంది.

టిల్లీకి టోపీ పెట్టి, దాని మీద ఇంకో టోపీ పెట్టి, తోసుకెళ్ళే పిల్లల బండిలో కూచోబెట్టి బయల్దేరింది.

ఆథల్ తలుపు తియ్యలేదు. జాలీ తలుపు వెనక నీడలా నిలబడ్డాడు.

"ఎవరది?"

"నేనే ఆథల్, టీగన్ని. షెడ్డులో మీ దగ్గర పనిచేశాను. కత్తెర పట్టుకోవడం మీరే నేర్పారు."

"షెడ్డులో వంద మందికి నేర్పాను. ఏం కావాలి?"

ఆమె చెప్పింది. చెప్తున్నంతసేపూ బండి ముందుకీ వెనక్కీ ఆడిస్తూనే ఉంది, టిల్లీ ఏడవకుండా. ఆయన పూర్తిగా వినలేదు.

"కొమ్మలా? ఈ వానలోనా?" గొంతు లేచింది. "తడిలో చెర్రీకి కత్తి తగిలిస్తారా ఎవరైనా? గాయంలోకి తెగులు దిగుతుంది, చెట్టు లోపల్నుంచి కుళ్ళుతుంది. ఎవరు నేర్పారు నీకిది?"

"తగిలించకూడదని మీరే నేర్పారు. పొడి రోజు వచ్చేదాకా ఆగుతాను. మీరు సరేనంటే చాలు."

"పొడి రోజు రా, చూద్దాం. ఇప్పుడు పో. పిల్ల తడుస్తోంది."

పిల్ల తడవట్లేదు, బండికి కవరుంది. అయినా టీగన్ వంగి చూసుకుంది. తిరిగి సందులోకి వస్తూ కంచె మీదుగా ఆయన చెట్టు కేసి చూసింది. ఆ దక్షిణపు నేలలో ఎండ పడేది ఉత్తరం నుంచే, ఆ వైపు తెల్లగా పూసింది. రెండో వైపు బోడిగా ఉంది. గాలికేమో అనుకుంది.

శుక్రవారం కూడా వానే. నైరుతి గాలి నది మీదుగా వచ్చి కిటికీ అద్దాల్ని తడుతోంది. పూత ఇంకొంచెం విచ్చుకుంది. టీగన్ ఉతికిన బట్టలు కట్టెల పొయ్యి ముందు ఆరేసి, పెయింటు బకెట్లు రెండు దొరికితే సబ్బుతో రుద్ది కడిగింది. కత్తెర విప్పి, తుప్పు గీకి, స్పిరిట్‌తో తుడిచింది. టిల్లీ ఒక బకెట్టులో కూచుని, ఇక లేవనంది.

మధ్యాహ్నం మొగుడు బ్రాడీ ఫోను చేశాడు. సాల్మన్ చేపల వలల దగ్గర పని, ఆ వారమంతా పడవలోనే.

"అమ్మతో పందెం కాశావంటగా," అన్నాడు. వెనకాల ఇంజను హోరు. "పిచ్చిదానా, మా అమ్మ జీవితంలో పందెం ఓడలేదు. మా నాన్నని అడుగు."

"ఇది పందెం కాదు."

"మరేంటి?"

టీగన్ కిటికీలోంచి చూసింది. చెట్టు మీద ఒక్క తేనెటీగ కూడా లేదు. ఈ చలికి అవి గూడు దాటి రావు. "తెలీదు," అంది. "ఏదన్నా ఒకటి చివరిదాకా చెయ్యాలని ఉంది. అంతే."

"ఆథల్ దగ్గరికి వెళ్ళావట. ఆయనతో జాగ్రత్త. ఈమధ్య మరీ కయ్యానికి వస్తున్నాడని అందరూ అంటున్నారు. పోస్టు తెచ్చేవాణ్ణి కర్ర పట్టుకుని తరిమాడట."

"ఎప్పుడూ అంతే కదా ఆయన."

"కేకలేసేవాడు. కర్ర ఎత్తేవాడు కాదు," అన్నాడు బ్రాడీ. ఎవరో పిలిస్తే ఫోను పెట్టేశాడు.

శనివారం తెల్లవారేసరికి గాలి తిరిగింది. మబ్బు చీలి ఎండొచ్చింది. పది గంటలకల్లా కంచె గుంజల మీంచి ఆవిరి లేస్తోంది. టీగన్ చెర్రీ బెరడు మీద అరచెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఆథల్ చూసేవాడు అలాగే, చెయ్యి పెట్టి, తర్వాత బుగ్గకి ఆనించుకుని. ఆమె కూడా బుగ్గకి ఆనించుకుంది.

బండి పిడికి ఒక బకెట్టు తగిలించి, కత్తెర, స్పిరిట్ సీసా, పాత కాగితాలు అందులో వేసి, టిల్లీకి పాలసీసా ఇచ్చి సందు ఎక్కింది.

ఈసారి ఆథల్ తలుపు తీశాడు. కోటు మీద ఇంకో కోటు వేసుకున్నాడు. గడ్డం ఒక బుగ్గన గీసి ఉంది, ఇంకో బుగ్గన లేదు.

"జానిస్ పంపిందా నిన్ను?" అన్నాడు.

జానిస్ ఆయన కూతురు, హోబార్ట్ పట్నంలో ఉంటుంది. "లేదు ఆథల్. మొన్న వచ్చానుగా. కొమ్మల కోసం. పొడి రోజు రమ్మన్నారు."

ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. తర్వాత బకెట్టు చూశాడు, అందులో కత్తెర చూశాడు. అప్పుడు మనిషి తేరుకున్నాడు. "పొడుగుకాళ్ళ పిల్లవి కదూ నువ్వు. నిచ్చెన లేకుండానే సగం చెట్టు కోసేదానివి. ఇది నీ బిడ్డా? దీని కాళ్ళూ పొడుగే. రా, వెనక్కి రా."

వెనక పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆయన పెరట్లో గడ్డి అలా ఉండగా టీగన్ ఎప్పుడూ చూడలేదు. చెట్టు దగ్గరికొచ్చాక బండి అక్కడే ఆపేసింది.

దక్షిణం వైపున్న పెద్ద కొమ్మలన్నీ ఎవరో కోశారు. శుభ్రంగా, రంపంతో, చక్కని వాటంలో కోసిన కోతలే. కానీ ప్రతి కోత నుంచీ బంక కారింది. ముదురు తేనె రంగు బంక, ముద్దలు ముద్దలుగా, బెరడు మీద చారలు కట్టి గట్టిపడింది. కోత కింద బెరడు నల్లగా లోపలికి కుంగింది. ఆ కొమ్మల మీద మొగ్గలు విచ్చుకోకుండానే ఎండి, వేలు తగిలితే రాలిపోతున్నాయి.

"ఇదెవరు చేశారు?" అంది టీగన్.

ఆథల్ దగ్గరికొచ్చాడు. బంక ముద్ద ఒకటి వేలితో నొక్కి చూశాడు. "ఎవడో వెధవ," అన్నాడు. "చలికాలం వానల్లో కోసి ఉంటాడు. జూలైలో. చూడు, ఇలా కుంగిందంటే జూలై కోతే. బుద్ధున్నవాడు ఎవడన్నా జూలైలో చెర్రీని ముట్టుకుంటాడా? పండ్లు కోశాక, ఫిబ్రవరి ఎండలో కొయ్యాలి. చిన్నపిల్లకి కూడా తెలుసు."

"ఎవరొచ్చారు మీ పెరట్లోకి?"

"ఎవడొస్తాడు. గేటుకి తాళం..." ఆయన ఆగాడు.

పెరటి షెడ్డు గోడకి మేకు మీద రంపం వేలాడుతోంది. ఆయన రంపం, పిడికి పసుపు టేపు చుట్టినది. దాన్ని వాడాక నూనె గుడ్డతో తుడవందే గోడకి తగిలించేవాడు కాదు, ఇంకెవర్నీ తగిలించనిచ్చేవాడు కాదు. ఇప్పుడు దాని పళ్ళ మధ్య ఎర్రటి రంపపు పొట్టు గట్టిపడి ఉంది, మీద తుప్పు.

ఇద్దరూ దాన్నే చూశారు. టీగన్ ముందు చూపు తిప్పుకుంది.

ఆథల్ రంపం దించి, పిడి పట్టుకుని, చేతిలో దాని బరువు చూసుకున్నాడు. బండిలో టిల్లీ పాలసీసా కింద పడేసింది.

"నేనేనా?" అన్నాడు చివరికి. ఆమెని అడిగినట్టు కాదు.

అప్పుడే వంటింట్లోంచి వాసన వచ్చింది. కాలిన ఇనప వాసన. టీగన్ ఒక అడుగు అటు వేసి ఆగింది. బండి, పిల్ల, రంపం పట్టుకున్న ముసలాయన. ఆయన చేతిలోంచి రంపం మెల్లిగా తీసుకుని షెడ్డు కప్పు మీదకి తోసి, "టిల్లీని చూడండి, ఒక్క నిమిషం," అని లోపలికి పరిగెత్తింది.

పొయ్యి మీద కెటిల్లో చుక్క నీళ్ళు లేవు. అడుగు ఎర్రగా కాలుతోంది. గుడ్డతో పట్టి సింకులో పడేస్తే బుస్సుమంది. పొయ్యి తలుపు మూసి, కిటికీ తీసింది. ఇంకో గుడ్డ కోసం సింకు కింద తెర పక్కకి జరిపింది. అక్కడ కెటిళ్ళున్నాయి. అన్నీ అడుగు మాడినవే, వరసగా, గోడ వైపు తిప్పి, ఎవరికీ కనపడకుండా పెట్టినవి.

ఆమె అక్కడ నిలబడి ఉండిపోవాలనుకోలేదు, కానీ నిలబడింది. గిన్నెలు దాచడం ఆమెకి తెలిసిన పనే.

బయటికొచ్చేసరికి టిల్లీ బండిలో లేదు. టీగన్ గడ్డిలోకి పరిగెత్తింది. చెట్టు కింద గడ్డిలో ఆథల్ కూచుని ఉన్నాడు, ఒళ్ళో టిల్లీ. పిల్ల నోట్లో వేలు పెట్టి ఏదో తీస్తున్నాడు.

"పువ్వు తినేసింది," అన్నాడు. "ఏం కాదు. తొడిమ ఒక్కటీ తీశాను. కాయలొచ్చినప్పుడు మాత్రం గింజ తీసి, పండు చిదిపి పెట్టు. ఇంత చిన్న గొంతుకి గింజ మంచిది కాదు."

"తీసే పెడతాను," అంది టీగన్. ఊపిరి కూడగట్టుకుని ఆయన పక్కన గడ్డిలో కూచుంది.

"కెటిలేనా?"

"ఊఁ."

"జానిస్‌కి చెప్పకు."

టిల్లీ ఆయన కోటు బొత్తాం నోట్లో పెట్టుకుంటే టీగన్ తీసేసింది. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది.

"ముందు కొమ్మలు కోద్దాం," అంది. "ఎండ పోకముందే."

ఆ పని మొదలయ్యాక ఆథల్ వేరే మనిషి. మూడుకాళ్ళ నిచ్చెన తానే తెచ్చి, మూడో కాలు కొమ్మల మధ్యలోకి దూర్చి, ఊపి చూసి, "ఎక్కు," అన్నాడు. టిల్లీని చంకలో ఇరికించుకుని కింద నిలబడి ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు.

"ఉత్తరం వైపే. అటు నా... అటు రంపం తగల్లేదు. ముందు కత్తెర తుడిచావా?"

"తుడిచాను."

"మళ్ళీ తుడువు. కోత కోతకీ తుడువు. ఆ కొమ్మ వద్దు, దాని పక్కది. సగం విచ్చుకుని సగం మొగ్గలున్నది చూడు. పూర్తిగా విచ్చుకున్నది రేపటికి పనికిరాదు. వాలుగా కొయ్యి. వాలుగా అన్నాను పిల్లా, అది బల్లపరుపుగా కోశావు."

"ఇలాగా?"

"అలాగ. పండ్లు పోతాయని చూడకు. ఇది స్టెల్లా రకం, దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఒంటరిగా కాస్తుంది. ఎన్ని కాసినా తినేవాణ్ణి నేనొక్కణ్ణే."

ఆమె కోసిన ప్రతి కొమ్మా ఆయన అందుకుని, తడి కాగితంలో చుట్టి, తల వైపు పైకి ఉండేట్టు బకెట్టులో పెట్టాడు. చేతులు ఎక్కడా తడబడలేదు. ఆమె కింది మెట్టుకి దిగి, బంక కారుతున్న కొమ్మల వైపు చూసింది.

"వాటినేం చెయ్యాలి?"

"మంచి బెరడు వచ్చేదాకా వెనక్కి కోసి కాల్చెయ్యాలి. ఇప్పుడు కాదు. ఫిబ్రవరిలో." కాస్త ఆగాడు. "ఫిబ్రవరికి నాకు గుర్తుండదు."

"నాకుంటుంది," అంది టీగన్.

బకెట్టు నిండింది. నీడలోకి జరిపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఆమె ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆథల్, నేను జానిస్‌కి చెప్తాను."

ఆయన మొహం మారింది. "కొమ్మలు ఇచ్చాను కదా నీకు."

"ఇచ్చారు. మీరు కొమ్మలివ్వకపోయినా చెప్పేదాన్నే. ఇచ్చారని మానెయ్యను."

"తెలుసా, నన్ను తీసుకెళ్ళి ఎక్కడో పడేస్తుంది. కిటికీ కూడా తెరుచుకోని గదిలో. చెట్టు కొట్టించేసి ఇల్లు అమ్మేస్తుంది. నువ్వూ అందరిలాగే. మొన్న వచ్చినప్పుడే అనుకున్నా."

"మొన్న నేనొచ్చానని మీకు గుర్తులేదు."

అన్నందుకు టీగన్‌కి సిగ్గేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

"నా మీద ఎవరో పిల్లల సంక్షేమ ఆఫీసుకి ఫోను చేశారు," అంది. "పోయిన చలికాలం. టిల్లీకి పళ్ళొస్తూ ఏడుస్తుంటే. ఒకావిడ వచ్చి నా అలమారలు తెరిచి చూసింది, మంచం కింద చూసింది. ఏమీ లేదని రాసుకుని పోయింది. చేసిందెవరో నాకిప్పటికీ తెలీదు. దుకాణంలో ఎవరు పలకరించినా, నువ్వేనా అనుకుంటాను. అందుకని మీ వెనకాల చెప్పను. ఇక్కడే, మీ పక్కనే నిలబడి చెప్తాను. నేనన్న ప్రతి మాటా మీరు వినండి. తప్పంటే తప్పని ఆమెతోనే అనండి."

ఆథల్ చాలాసేపు టిల్లీ టోపీ తాడుని వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు.

"నెంబరు గోడ మీద ఉంది," అన్నాడు.

వంటింట్లో ఇంకా మాడు వాసన పోలేదు. గోడ మీద అరచేతంత అంకెలతో నెంబరు రాసి ఉంది. టీగన్ తన ఫోనులోంచి చేసి, ఇద్దరికీ వినపడేట్టు బల్ల మీద పెట్టింది. ఆథల్ కుర్చీలో కూచున్నాడు. టిల్లీ ఆయన ఒళ్ళోనే ఉంది.

"ఎవరు?" అంది జానిస్. వెనకాల ఏదో కారు చప్పుడు.

టీగన్ పేరు చెప్పింది. ఎవరో చెప్పింది. నాన్నగారు పక్కనే ఉన్నారు, వింటున్నారు అని కూడా చెప్పింది. కెటిల్ సంగతి చెప్పింది.

"కెటిల్ నేనూ మాడుస్తాను," అంది జానిస్. "చూడమ్మా, నాన్నతో పోయిన ఆదివారమే మాట్లాడాను. బాగానే ఉన్నాడు. వాన గురించీ ఆపిల్ ధర గురించీ గంటసేపు చెప్పాడు. కయ్యం పెట్టుకుంటున్నాడని ఇప్పటికే ముగ్గురు నాకు ఫోను చేశారు. ఆయనెప్పుడూ అంతే. నువ్వు షెడ్డులో పనిచేసిన పిల్లవంటున్నావు, ఆ మాత్రం నీకు తెలియాలి."

"తెలుసు," అంది టీగన్. రెండు చేతులా బల్ల అంచు అదిమి పట్టుకుంది. "ఆయన జూలైలో చెర్రీ కోశారు."

కారు చప్పుడు వినిపిస్తోంది. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగింది, ఎక్కడో పక్కకి తీసి ఆపినట్టు.

"వానలోనా?" అంది జానిస్.

"వానలోనే. దక్షిణం వైపు పెద్ద కొమ్మలన్నీ. ప్రతి కోతా బంక కారుతోంది. రంపం తుడవకుండా గోడకి తగిలించారు."

"రంపం తుడవలేదా?"

"లేదు."

ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. చలికాలం చెట్టెక్కి ఆడుకుంటే బెరడు గీరుకుంటుందని దించేసిన తండ్రి ఆయన.

"నాన్నా," అంది జానిస్. గొంతు చిన్నదైపోయింది. "నాన్నా, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు ఆథల్. "నేనే కోశాను. ఎప్పుడు కోశానో తెలీట్లేదు. కోతలు చూస్తే నావే."

ఆదివారం పొద్దున టీగన్ బకెట్లు కట్టింది. నిచ్చెన ఆథల్ది. జానిస్ పొద్దున్నే హోబార్ట్ నుంచి వచ్చి నిచ్చెనని కారు మీద వేసి, తండ్రిని ముందు సీట్లో కూచోబెట్టుకుని ఇక్కడ ఆగింది. జానిస్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. టీగన్‌తో ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆథల్ మాత్రం కారు దిగకుండానే అద్దం దించి, బకెట్లు గాలి చాటున కట్టాలని, ఎండ పడే వైపే తేనెటీగలు ముందు వస్తాయని, నీళ్ళు సాయంత్రం మార్చాలని కేకలేసి చెప్పాడు.

డెనీస్ పదకొండింటికి వచ్చింది. ఈసారి టేపు లేదు. చెట్టులో వేలాడుతున్న పెయింటు బకెట్లు, వాటిలోంచి పైకి లేచిన వేరే చెట్టు కొమ్మలు, వాటి పూలూ వీటి పూలూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా ఉండటం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పెళ్ళిపందిరి బాగానే వేశావు. చుట్టాలేరి?"

"వినండి," అంది టీగన్ నిచ్చెన మీంచి.

డెనీస్ తల ఎత్తింది. చెట్టు పైభాగంలో ఎండలో సన్నటి రొద. ఒక తేనెటీగ ఆథల్ కొమ్మ మీంచి లేచి, కాళ్ళకి పసుపు పొడితో, లాంబర్ట్ గుత్తిలోకి దూరింది. తర్వాత ఇంకొకటి.

"హఁ," అంది డెనీస్. తర్వాత, "పిల్ల నిచ్చెన కిందే ఆడుకుంటోంది చూడు," అని టిల్లీని ఎత్తుకుంది. టోపీ గురించి ఏమీ అనలేదు.

నవంబరులో పూరేకులన్నీ రాలి, ఆకు ముదిరాక, పిందెలు కనిపించాయి. అన్ని కొమ్మలకీ కాదు. బకెట్లు కట్టిన చుట్టుపక్కల, ఎండ వైపు, బఠాణీ గింజంత పచ్చటివి జంటలు జంటలుగా. డెనీస్ కళ్ళజోడు పెట్టుకుని ఒక కొమ్మ వంచి చూసింది. ఇంకోటి వంచి చూసింది.

"వీటిల్లో సగం రాలిపోతాయి," అంది.

"రాలొచ్చు."

"మిగిలినవి పిట్టలు తినేస్తాయి. వల కావాలి దీనికి." కొమ్మ వదిలేసింది. "మా ఇంట్లో పాతదొకటి ఉంది, చిన్న కన్నాలది. రేపు తెస్తాను. కడతావో, సగంలో వదిలేస్తావో నీ ఇష్టం."

టీగన్ కట్టింది.

ఆథల్ ఇప్పటికీ తన ఇంట్లోనే ఉంటున్నాడు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పట్లేదు. శని ఆదివారాలు జానిస్ వస్తుంది. మధ్యలో ఒక నర్సు వస్తుంది, ఆమె వచ్చిన రోజు ఆయన అలుగుతాడు. పొద్దున పూట టీగన్ బండి తోసుకుని వెళ్తుంది. అయితే టిల్లీకి జ్వరం వచ్చిన రోజులుంటాయి, నైరుతి వాన వరసగా కురిసే రోజులుంటాయి, అప్పుడు టీగన్ వెళ్ళలేకపోతుంది. ఇంట్లో కూచుని, ఇప్పుడేం చేస్తున్నాడో అనుకుంటూ సందు కేసి చూస్తూ ఉంటుంది. మీరెవరైనా అటు వెళ్తుంటే, నది దాటాక ఎడంవైపు సందు, చివరి ఇల్లు, ఒకసారి ఆగి ఆయన్ని చూసి వెళ్ళండి. తలుపు కొట్టి కాసేపు నిలబడండి, ఆయన రావడానికి టైము పడుతుంది. ఏం పనిమీద వచ్చావని గద్దిస్తాడు. చెట్టు చూసి పోదామని వచ్చానని చెప్పండి.